మారెక్క వదిలిన దోవ

గుట్టెక్కి దిగి వచ్చారు గదా, ఏం చూశారో చెప్పండి. చెట్లు చూశామంటే చాలదు. చెట్టుకూ చెట్టుకూ నడుమ ఏముందో చూశారా? చూడలేదా! అయితే కూర్చుని వినండి.

మీ తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల్లో, ఈ గుట్ట కింద మారెక్క అని బుట్టలల్లే మనిషి ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తీగ కోసేది, బుట్ట అల్లేది, ఊళ్లో ఇచ్చి గింజలు తెచ్చుకునేది. ఆమె కొడవలి ఏటవాలుగా పడేది. కోసిన తీగ మొదలు చిలక ముక్కులా ఉండేది. అది ఆమె కోతేనని ఎవరైనా చెప్పేవారు.

ఒకనాడు ఆమె మరిది ఈరన్న బుట్టలో దేవాంగపిల్లిని తెచ్చాడు. పేరుకే పిల్లి, జాతికి కోతి. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, మొహం నిండా కళ్లు. పొట్టను కరుచుకుని ఒక పిల్ల.

"దీని కళ్లు మందుకు అడుగుతున్నారు వదినా. గుట్టంతా గాలించినా ఇంకోటి లేదు. ఇదే ఆఖరుది."

"ఆఖరుదని తెలిసీ పట్టుకొచ్చినావా? ఇట్లియ్!"

గుంజుకుంది. గుట్ట మొదట్లో చెట్టెక్కించింది. తెల్లారేసరికి అది నేల మీద, కుక్కల ముందర. కుక్కల్ని తరిమి, గుట్ట నడుమ చెట్టెక్కించింది. మళ్లీ నేల మీదే. మూడోసారి గుట్ట నెత్తిన చెట్టెక్కించి, సందెవేళ కింద కూర్చుని చూసింది.

అది కొమ్మ చివరికి మెల్లగా పోయింది. చెయ్యి చాపింది. అవతలి చెట్టు అందలేదు. దూకడం దానికి రాదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, చివరికి నేలకు దిగింది.

మారెక్క పైకి చూసింది. కొమ్మకు తెగిన తీగ వేలాడుతోంది. చివర చిలక ముక్కు.

"దీని దోవ కోసింది నేనే," అంది.

ఇంటికి పోయి, పెళ్లి బుట్టలకని దాచుకున్న తీగ తెచ్చి రెండు చెట్లకూ కట్టింది. తల్లి తీగ పట్టుకుంది. పిల్లతో సహా దాటిపోయింది.

ఈరన్న పగలబడి నవ్వాడు. "పిల్లికి ఉయ్యాల కట్టినావా వదినా? మరి నీ తిండి?"

"సగం తీగ చెట్లకే వదిలేస్తా. సగం బుట్టలల్లుతా, సగం తింటా. నవ్వింది చాలు, అవతలి చెట్టుకూ తీగ కడదాం, కొమ్మ వంచు రా అబ్బీ."

ఒక వానకు తీగ నాటింది, ఎండింది. ఇంకో వానకు నాటింది, మేకలు మేశాయి. మళ్లీ వానకు నాటింది, అల్లుకుంది. పక్క గుట్టల్లో ఎవరైనా దేవాంగపిల్లిని పడితే, విడిపించి ఇక్కడికి తెచ్చింది ఎవరనుకున్నారు? ఆ ఈరన్నే.

మారెక్క ఒక ఎండాకాలం పోయింది. గుడి కట్టలేదు, రాయి నాటలేదు. కానీ ఈనాటికీ బుట్టలవాళ్లు రెండు చెట్లను కలిపే తీగ మీద కొడవలి వెయ్యరు. పక్కది కోసుకుని, "దోవ వదిలినాం మారెక్కా," అని పైకి చూసి దిగుతారు.

మీరూ కొడవలి పట్టుకునే గుట్టెక్కారు గదా. ఏం వదిలి వచ్చారు?