ఇంట్లోకి ఒక చాకు

మా గురువుగారు పరబ్రహ్మం గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబు చెప్పే ముందు, "అదే మాట ఇంట్లో ఎలా అంటావో అలా అను" అనేవారు. చాలా ప్రశ్నలు అక్కడికక్కడే నీరుగారిపోయేవి. జీవేశ్వరుల అభేదం ఎలా సిద్ధిస్తుందని గొంతు సవరించుకుని లేచిన ఒక ప్లీడరు గారు, ఇంటి మాటల్లోకి దిగేసరికి, "మా తమ్ముడు నాతో మాట్లాడ్డం మానేశాడండీ" అని కూర్చుండిపోయారు. గురువుగారు బడిపంతులుగా రిటైరై కడియం కాలువ గట్టున ఒక పెంకుటింట్లో ఉండేవారు. ఆదివారం పొద్దున్న వసారాలో చాప పరిస్తే ఏడెనిమిది మందిమి చేరేవాళ్ళం. ఆయన భార్య శేషమ్మ గారు కాఫీ గ్లాసులు లోపలి గుమ్మం దగ్గర పెడితే, మేమే లేచి తెచ్చుకునేవాళ్ళం.

ఒక ఆదివారం భద్రం లేచాడు. ఇతను కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తే, దించే ఉద్యోగం చేసేవాడు. ఎగువ నీళ్ళూ దిగువ నీళ్ళూ ఒక మట్టానికి వచ్చేదాకా కదలకుండా నిలబడే మనిషి. మాటలోనూ అంతే, తొణకడు. అలాంటివాడు ఆవేళ చేతులు కట్టుకుని, "స్వామీ, దాత శ్రద్ధతో ఇచ్చినదాన్ని ప్రతిగ్రహీత నిరాకరిస్తే దోషం ఎవరిది?" అన్నాడు. ఇంత సంస్కృతం భద్రం నోట ఎక్కడిదా అని మేం మొహమొహాలు చూసుకున్నాం. గురువుగారు మామూలుగానే, "ఇంట్లో మాటల్లో అడుగు నాయనా" అన్నారు.

భద్రం చాప వంక చూస్తూ, "మా ఆవిడకి చాకు కొన్నానండి. తీసుకోవట్లేదండి" అన్నాడు.

ఎవరో నవ్వారు. నేనే నవ్వానేమో కూడా. తరవాత అతను చెప్పుకొచ్చింది విన్నాక, నవ్వినందుకు సిగ్గేసింది.

అతని భార్య తాయారు మొక్కల తోటలో అంటు కడుతుంది. మామిడి కొమ్మని ఏటవాలుగా చెక్కి, మరో మొక్క చీలికలో దూర్చి, గుడ్డపేలికతో బిగించే పని. ఆవిడ చేతి అంట్లు పదికి తొమ్మిది బతుకుతాయని చుట్టుపక్కల తోటల్లో చెప్పుకుంటారు. అంత పనిమంతురాలూ ఆ పనంతా సగానికి విరిచిన గడ్డం బ్లేడుతోనే చేస్తుంది. ఒక చివరకి గుడ్డ చుట్టుకుని పట్టుకుంటుంది. వేళ్ళకి ఎప్పుడూ గాట్లే. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి ఆ గాట్లు భద్రం కంటబడ్డాయి. మంచి చాకు ఒకటి కొనిద్దామని రాజమండ్రి వెళ్ళాడు.

అక్కణ్ణించి అన్నీ తికమకలే. కొట్టువాడు ఎవరికి కావాలని అడిగితే భద్రం "మా ఇంట్లోకండి" అన్నాడు. భార్యకని పైకి అనడానికి అతనికి నోరు రాలేదు. కొట్టువాడు ఇంట్లోకే కాబోలని కత్తిపీట తీసి చూపించాడు. కాదండీ, చిన్నది, చేతిలో ఇమిడేది అంటే, జామకాయలు కోసుకునే చాకు తీశాడు. మడత పడాలండీ అంటే, కత్తెరా, మూత తీసేదీ, పళ్ళు కుట్టుకునేదీ అన్నీ ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చే చాకు తీశాడు. భద్రం దాన్ని పావుగంట సేపు విప్పి, మళ్ళీ మడవడం చేతకాక, అలాగే బల్ల మీద పెట్టేసి వచ్చేశాడు. వారం తిరిగాక మళ్ళీ వెళ్ళాడు. మూడో వారమూ వెళ్ళాడు. కొంగున ముడేసుకుంటే బరువు తెలియకూడదు. తడిచేత్తో పట్టుకుంటే జారకూడదు. పిడి చెక్కదై ఉండాలి. ఇలా అతని మనసులో ఒక చాకు తయారై కూర్చుంది. చివరికి కొట్టువాడే విసిగి, "అంటు కట్టేవాళ్ళు పట్టుకెళ్ళేది ఇదేనయ్యా" అని అరలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. నల్లచెక్క పిడి, అందులోకి మడత పడే చూపుడువేలంత అలుగు, ఒకవైపే సానపట్టిన పదును. భద్రం తన గోటి మీద పెట్టి చూసుకున్నాడు. పుల్ల చెక్కి చూసుకున్నాడు. ఇదే అనుకున్నాడు.

ఇక ఇవ్వాలి. మా వైపు ఉప్పూ కారం చేతికివ్వరు, కత్తి అసలే ఇవ్వరు. ఇస్తే ఇద్దరికీ మాటా మాటా వస్తుందంటారు. కింద పెడితే రెండోవాళ్ళు తీసుకోవాలి. భద్రం ఇంట్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. "మా ఇంట్లో తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా గొంతు లేవలేదండి" అని అతను మాతో గొప్పగానే అంటుండేవాడు. అందుకని చాకు తీసుకెళ్ళి, తాయారు తోటకి పట్టుకెళ్ళే క్యారేజీ పక్కన అరుగు మీద పెట్టి, పనికి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చేసరికి చాకు దండెం మీదున్న అతని చొక్కా జేబులో ఉంది. నచ్చలేదేమో అనుకున్నాడు. రెండ్రోజులు ఆగి ఆవిడ మడతపెట్టుకున్న చీర మీద పెట్టాడు. మళ్ళీ జేబులోకే వచ్చింది. ఈసారి ఆవిడ సంచిలోనే పడేశాడు. మర్నాడు చూస్తే, చాకుకి కొబ్బరినూనె రాసి, కాగితంలో చుట్టి, అతని పెట్టెలో బట్టల కింద దాచి ఉంది.

"వద్దంటే వద్దనుకోవచ్చండి. నూనె రాసి మరీ వద్దనడం ఏంటండీ? నాకు బుర్ర పనిచెయ్యట్లేదు" అన్నాడు భద్రం.

"నీకు తెచ్చానని చెప్పావా?" అన్నారు గురువుగారు.

"పక్కన పెట్టానుగదండీ" అన్నాడు. అతని బాధ అసలు చాకు గురించి కూడా కాదు. అంట్ల కాలం మొదలవుతోంది. తాయారుని నూజివీడు దగ్గర ఒక తోటవాళ్ళు రెండు నెలల పనికి పిలిచారు. బుధవారం బస్సు. నాలుగు చీరలు చాలే చోట ఆవిడ ఉన్న చీరలన్నీ పెట్టెలో సర్దింది. ఎప్పుడొస్తావని ఇతను అడగలేదు, ఎప్పుడొస్తానో ఆవిడ చెప్పలేదు. "చాకు వద్దందో నన్నే వద్దందో తెలియట్లేదండి" అన్నాడు.

గురువుగారు ఓదార్చలేదు. "ఏదీ, నాకోసారి ఆ చాకు ఇవ్వు" అన్నారు. భద్రం జేబులోంచి తీసి, అలవాటు కొద్దీ ఆయన ముందు చాప మీద పెట్టాడు. ఆయన ముట్టుకోలేదు. మేమందరం ఆ చాకు వంకే చూస్తూ కూర్చున్నాం.

సరిగ్గా అప్పుడు స్టేషను మాస్టరుగా చేసి రిటైరైన చయనులు గారు వచ్చారు, ఎప్పటిలాగే ఆలస్యంగా. ఆయనకి ఉద్యోగం వదిలినా ప్లాట్‌ఫారం వదల్లేదు. ఎక్కడ ఏ వస్తువు ఒంటరిగా కనబడినా తీసి ఓ పక్కన పెట్టకుండా ఉండలేరు. చాప దాటబోతూ ఆగి, "ఎవరిదయ్యా ఇది? ఎవరో పారేసుకున్నట్టున్నారే! కాలికి గుచ్చుకుంటుంది కూడానూ" అంటూ చాకు తీసి, తుండుతో తుడిచి, జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టి, తన చోట కూర్చున్నారు.

"చయనులు గారూ, అది భద్రం నాకిచ్చిందండి" అన్నారు గురువుగారు.

"ఇవ్వడమేమిటండీ? కింద పడుంటేనూ!" అన్నారాయన, తన తప్పేమిటో అర్థం కాక.

భద్రం నోరు కొంచెం తెరుచుకుని కిటికీ వంక చూస్తుండిపోయాడు. గురువుగారు లేచి, చాకు తీసి, భద్రం ఎదురుగా చెయ్యి చాపారు. భద్రం వెనక్కి జరిగాడు. "చేతికిస్తే గొడవొస్తుందంటారండి" అన్నాడు.

"వస్తే రానీ" అన్నారు గురువుగారు. భద్రం రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు.

వారం రోజులు నాకు అదే ధ్యాస. ఆదివారం నేనే అందరికంటే ముందు చేరాను. భద్రం వచ్చాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"గొడవొచ్చిందండి" అన్నాడు కూర్చోకుండానే.

మంగళవారం సాయంత్రం తాయారు గిన్నెలు తోముకుని వచ్చాక ఎదురుగా వెళ్ళి చాకు చాపాడట. ఆవిడ అలవాటుగా, "కింద పెట్టు, తీసుకుంటా" అంది. "నీకే. పట్టుకో" అన్నాడు. ఆవిడ ముందు నమ్మలేదు. అతని మొహం చూసి, చాకు చూసి, ఎడమచేతిలోకి తీసుకుంది. అలుగు తెరవడానికి గోరు పెట్టే గాడి ఆవల వైపు ఉంది. తిప్పీ మళ్ళీ తిప్పీ ఎలాగో తెరిచింది. పెరట్లో మునగకొమ్మ ఒకటి విరిచి ఏటవాలుగా చెక్కింది. పదును పక్కకి లాగేసి కోత వంకర పోయింది.

"ఇది నాకా?" అంది.

"నీకే."

"నాకైతే ఎడమచేతిది తెచ్చేవాడివి కదా!"

ఒకవైపే సానపట్టిన చాకు కుడిచేతివాళ్ళకి ఒకటి, ఎడమచేతివాళ్ళకి ఒకటి ఉంటుందని భద్రానికి తెలియదు. అంతకంటే ముందు తెలియాల్సింది ఇంకొకటుంది. తాయారుది పుట్టుక నుంచీ ఎడమచేతి వాటం. చిన్నప్పుడు వాళ్ళమ్మ గరిటెతో కొట్టి మరీ మాన్పించింది కనక వడ్డించేటప్పుడు, ఎవరికైనా ఏదైనా అందించేటప్పుడు కుడిచెయ్యి వాడుతుంది. తోటలో పని, కూర తరగడం, బట్ట కుట్టడం అన్నీ ఎడమచేత్తోనే. "ఎప్పుడూ కంచం వంకే చూశానండి" అన్నాడు భద్రం.

ఆ తరవాత తొమ్మిదేళ్ళ మాటలు ఒక్కసారే వచ్చిపడ్డాయట. "నీదే అనుకున్నాను. నాకోసమైతే నా చెయ్యి చూసుకుని తెచ్చేవాడివనుకున్నాను. ఎక్కడపడితే అక్కడ మరిచిపోతున్నావని నూనె రాసి దాచాను. వెళ్ళమనవు, ఉండమనవు, ఎన్నాళ్ళకొస్తావని అడగవు. నేను ఎన్ని చీరలని సర్దుకోను?" అని గోడ అవతలివాళ్ళు వచ్చి చూసేలా అరిచిందట. ఇతనూ అరిచాడట. ఏమని అరిచాడో ఎంత అడిగినా చెప్పలేదు.

"బుధవారం బస్సెక్కించడానికి వెళ్ళానండి. కిటికీలోంచి కూడా తిట్టిందండి. వినాయక చవితికి వస్తానంది. ఎందుకూ పనికిరాదు, ఎందుకూ పనికిరాదు అంటూనే ఆ చాకు పట్టుకుపోయింది. సగం చీరలు తీసి ఇంట్లో పెట్టేసి వెళ్ళింది. కోపం తగ్గినట్టా అండీ, పెరిగినట్టా? నాకు ముందుకంటే ఎక్కువ తికమకగా ఉంది. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆ మనిషి ఏ చేత్తో పని చేస్తుందో నాకెందుకు తెలియలేదు?"

ఇంట్లో మాటల్లో అడుగు అని గురువుగారు ఈసారి అనలేదు. ఏదైనా శ్లోకం చదువుతారేమోనని చయనులు గారు సర్దుకుని కూర్చున్నారు. లోపల శేషమ్మ గారు కత్తిపీట మీద వంకాయలు తరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. గురువుగారు ఆ చప్పుడు వైపు తల తిప్పారు. ఆయన మొహంలో అంత తికమక నేనెప్పుడూ చూడలేదు. తరవాత కళ్ళజోడు సరిచేసుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి మెల్లిగా లేచారు.

"ఈవేళ పాఠం లేదు. నేను కాసేపు వంటింట్లో కూర్చుని వస్తాను" అన్నారు.