పన్నిద్దరి బంతి నోము

అక్షతలు చేతబట్టుకొని, చివర కూర్చున్నవారికి కూడ అందినవో లేదో చూచుకొని, అందరును ఈ కథ వినుడు. శనగల తాలింపు వాసన వచ్చుచున్నదని తొందరపడవలదు. కథ ముగిసినగాని పంచుట లేదు.

పూర్వము వింధ్యపర్వతము చెంత దీర్ఘబాహువను మునీశ్వరుడు ఆశ్రమము కట్టుకొని యుండెను. ఆయన కడకు శంఖపాదుడను మహర్షి వచ్చి, కాళ్లు కడుగుకొని, మజ్జిగ త్రాగి, సేదదీరిన పిదప ఇట్లడిగెను. “స్వామీ, కలియుగమున జనులు ఒక్క బలవంతుని తెచ్చి ముందు నిలిపి, తక్కినవారందరు వాని వెనుక నిలువబడి చూచుచుందురని వింటిని. ఆ బలవంతుడును అలసిపోవును, తక్కినవారును చెడుదురు. వీరు బాగుపడు ఉపాయమేదైన కలదా?”

దీర్ఘబాహువు నవ్వి, లోకమునకు పనికివచ్చు ప్రశ్న వేసితివని మెచ్చుకొనెను. తొల్లి కైలాసమున పార్వతీదేవి చెలులతో బంతియాడుచు, చేతికి వచ్చిన బంతిని ఎవరికిని ఇయ్యని చెలికత్తె నొకతెను చూచి, దాని బుద్ధి మార్చుటకై ఈ నోము తానే కల్పించెనట. కందుకమనగా బంతి గనుక ఆ తల్లికి కందుకేశ్వరియని పేరు వచ్చెను. జరుగనున్నది జరిగినట్లే కానవచ్చు దివ్యదృష్టి గలవాడు గావున, ఆ ముని కలియుగపు కథను కన్నులారా చూచినట్లే చెప్పసాగెను.

గోదావరి సముద్రమున కలియు చోట నారికేళపురమను పట్టణము కలదు. అందు పేర్రాజను కొబ్బరి వర్తకుడు, అతని ఇల్లాలు మాణిక్యాంబ ఉండిరి. పేర్రాజునకు బాస్కెట్‌బాలనిన ప్రాణము. ఆ పిచ్చితోనే పదకొండుగురు ఆటగాండ్రకు జీతబత్తెములిచ్చి, గరుడులను పేరుతో ఒక జట్టును నిలిపెను. పేరు గరుడులే గాని వారి బంతి ఎగిరి బుట్టలో పడుట అరుదు. రెండేండ్లు వరుసగా పోటీలన్నిటిలో అట్టడుగున నిలిచిరి. జనులు ఆటకు వచ్చుట మానిరి. వర్షము కురిసినప్పుడు మాత్రము కొందరు లోనికి వచ్చి, తల తుడుచుకొని, వాన వెలియగానే పోయెడివారు. సమోసాలమ్మువాడు సైతము ఆటవైపు వీపు పెట్టి కూర్చుండెను.

అంతట పోటీల పెద్దలు వర్తమానము పంపిరి. మూడవయేడును అడుగుననే ఉన్నచో గరుడులను తొలగించి, ఆ చోటును వేరొక పట్టణమునకిత్తురట. ఆ మాట విని పేర్రాజునకు అన్నము సహింపదాయెను. పదకొండుగురును పని పోయి చెట్టుకొకడు పుట్టకొకడు కాగలరు. నారికేళపురమునకు తనదని చెప్పుకొనదగిన ఆట యొకటి లేకుండ పోవును.

అప్పుడు పేర్రాజు ఊరూరు తిరిగి, దేశమంతట పేరు మ్రోగిన సుధన్వుడను ఆటగానిని పండ్రెండవవానిగా వెంటబెట్టుకొని వచ్చెను. సుధన్వుడు ఆరున్నర అడుగుల పొడగరి. అతడు గురిపెట్టి విసిరిన బంతి బుట్టను తప్పదు. పట్టణమంతయు బాజాభజంత్రీలతో ఎదురేగెను. దండ వేయుటకు పేర్రాజునకు చేయి అందక, కొబ్బరితోటనుండి నిచ్చెన తెప్పించి ఎక్కి వేసెను. ఇంతవరకు అంతయు శుభమే.

తప్పు తరువాత జరిగెను. పేర్రాజు ఆ బిడ్డను ఊరేగింపు విగ్రహమును చేసి, తక్కినవారిని పల్లకి బోయీలను చేసెను. సుధన్వునకు వేరుగా పట్టుబట్ట పరచిన ఆసనము వేయించెను. ఆటకు ముందు అతనికొక్కనికే హారతి ఇప్పించెను. ఎవరి చేతికి బంతి వచ్చినను తక్షణమే సుధన్వునకీయవలెనని కట్టడి చేసెను. శిక్షకుడు జోగారావు, అట్లయిన తక్కినవారి చేతులు పని మరచిపోవునని నెమ్మదిగా చెప్పి చూచెను గాని, యజమాని మాటకు ఎదురాడలేకపోయెను.

మొదటి రెండాటలు గెలిచిరి. పేర్రాజు మీసము దువ్వెను. మూడవ ఆటనుండి ఎదుటివారు తెలివి తెచ్చుకొని, ముగ్గురు ముగ్గురుగా సుధన్వుని చుట్టుముట్టిరి. తక్కిన గరుడులు అలవాటు చొప్పున నిలువబడి చోద్యము చూచిరి. ఒకనాడు ఒకడు బుట్టక్రింద ఒంటరిగా నుండగా బంతి వాని చేతిలో పడెను. ఎగిరి వేసిన చాలును. వాడు వేయక, పూలబుట్ట మోసుకొనిపోవు భక్తునివలె ఆ చివరనుండి ఈ చివరకు నడచి వచ్చి, ముగ్గురి నడుమ చిక్కియున్న సుధన్వునకే బంతి ఇయ్యబోయెను. దారిలో పరులు లాగుకొనిరి. ఈ విధమున పదుమూడాటలు వరుసగా ఓడిపోయిరి. సుధన్వునకు చీలమండ వాచెను. ఇక ఐదాటలు మాత్రమే మిగిలెను.

ఒక శుక్రవారము మాణిక్యాంబ ఇరుగింటి పేరంటమునకు పోయి, వాయనమందుకొని వచ్చి, మధ్యాహ్నము కాస్త నడుము వాల్చెను. కలలో ఒక పెద్దముత్తైదువ చంకలో బంతితో కనబడి, చనువుగా ప్రక్కన కూర్చుండి ఇట్లనెను.

“ఏమ్మా, మీ ఆయన తెచ్చిన కుర్రాడు ఎన్ని వాయనాలు పుచ్చుకున్నాడో చూస్తున్నావా? పదకొండు మందీ ఇస్తానే ఉన్నారు. తిరిగి ఒక్కటైనా ఇచ్చాడా? పుచ్చుకుని ఇవ్వని పేరంటం ఎక్కడైనా ఉందా తల్లీ?”

మాణిక్యాంబ లెంపలు వేసికొని, తరణోపాయము చెప్పుమని వేడుకొనెను. ఆ తల్లి చెప్పిన విధానమిది. ఐదాటలకు ఐదు మారులు నోము నోచవలెను. ఆటకు ముందు పండ్రెండుగురును వలయముగా నేలపై కూర్చుండవలెను. పట్టుబట్టలు, ఎత్తుపీటలు పనికిరావు. బంతికి పసుపుబొట్టు పెట్టి, బెంచీ చివర కూర్చుండువానితో మొదలిడి, చేతినుండి చేతికి ఇయ్యవలెను. ఇచ్చువాడు ఇస్తినయ్యా వాయనమనవలెను. అందుకొనువాడు పుచ్చుకుంటినయ్యా వాయనమనవలెను. పిదప నానబెట్టిన శనగలు తాలింపు వేసి, అవియు బెంచీ చివరనుండియే పంచవలెను. పండ్రెండుగురిలో ఒక్కడు తగ్గినను నోము చెడును. ఇంతమాత్రము చెప్పి ఆమె మాయమయ్యెను.

మాణిక్యాంబ మేల్కాంచి, పేరంటమున వాయనముగా వచ్చిన నానిన శనగలనే తాలింపు వేసి, పసుపుపళ్లెము పట్టుకొని, ఆ సాయంత్రపు ఆటకు ముందే తిన్నగా ఆటశాలకు పోయెను. పేర్రాజు నలుగురిలో సిగ్గుపడి, “ఇది ఆట మాణిక్యం, పేరంటం కాదు” అని గొణిగెను.

“ఏదైతేనేంటండీ, పుచ్చుకున్నాక ఇవ్వాలి కదా” అని ఆమె పళ్లెమును నేలపై పెట్టి, శనగల గిన్నె మూత తీసెను. పదుమూడాటలు ఓడిన మనుష్యుడు చెప్పులు విడిచి ప్రక్కకు తప్పుకొనెను.

బెంచీ చివర కూర్చుండువాని పేరు తలుపులరావు. జట్టులో అందరికంటె వయస్సున పెద్దవాడు, ముప్పదినాలుగేండ్లవాడు. అతడు బంతిని అందుకొని, చాలసేపు అరచేతులతో తడుముచు కూర్చుండెను. ఏమైనదని జోగారావు అడుగగా, “ఆటరోజున బంతి పట్టుకోవడం ఈ ఏడాదికి ఇదే మొదలండి” అని చెప్పి తల వంచుకొనెను.

అంతవరకు ముసిముసిగా నవ్వుచున్న సుధన్వుని మొగము చిన్నబోయెను. పొగరుబోతు కాడు పాపము, ఎవరును చెప్పక అతనికి తెలియలేదు. వలయము తిరిగి బంతి తన చేతికి వచ్చినప్పుడు, పుచ్చుకుంటినయ్యా వాయనమని అందరికంటె గట్టిగా పలికెను. నాటి ఆటలో బంతి అందిన ప్రతిసారియు, చుట్టుముట్టిన ముగ్గురి తలలమీదుగా ఖాళీగా నున్నవానికి ఇచ్చుచు వచ్చెను. మొదట వారు తడబడి జారవిడిచిరి. రెండవ పాదమున పట్టిరి. మూడవ పాదమున బుట్టలో వేసిరి. ఆటకు నాలుగు పాదములు. నాలుగవ పాదము ముగియునప్పటికి గరుడులు గెలిచిరి. సమోసాలమ్మువాడు ఇటు తిరిగి కూర్చుండెను.

ఈ రీతిగా మూడాటలు గెలిచిరి. నారికేళపురమున మరల జనము వరుసలు కట్టిరి. పేర్రాజు మరల మీసము దువ్వెను. ఇచ్చటనే జాగ్రత్తగా వినుడు.

నాలుగవ ఆట పరస్థలమున జరిగెను. దారిలో బస్సు చెడి ఆలస్యమయ్యెను. నోమునకు కూర్చుండువేళకు తలుపులరావు, సుధన్వుని చీలమండకు మంచుగడ్డ తెచ్చుటకై బజారునకు పోయియుండెను. మాణిక్యాంబ ఊరిలోనే ఉండిపోయెను. పేర్రాజు గడియారము చూచి, ఎలాగూ ఆడనివాడు లేకున్న నేమి, పదకొండుగురితో కానిండని తొందరపెట్టెను. అంతటితో ఆగక, మిగిలిన పిడికెడు శనగలు తానే నోట వేసికొనెను.

ఇక చెప్పనేల. పడవలసిన బంతి బుట్ట అంచు ఎక్కి కూర్చుండి, ఆలోచించి, వెలుపలికే దూకెను. గరుడులు ఒకరినొకరు గుద్దుకొనిరి. నలువది పాయింట్ల తేడాతో ఓడిరి.  తిరుగు ప్రయాణమున బస్సులో సుధన్వుడు చీలమండపై మంచుగడ్డ కరుగుచుండగా చూచి, ఇది తెచ్చినది ఎవరని తలచి, వ్రేళ్లు మడిచి లెక్కించి, వలయమున పదకొండుగురే కూర్చుండిరని గ్రహించెను. లేచి కుంటుచు బస్సు చివరకు పోయి తలుపులరావు ప్రక్కన కూర్చుండెను. “అన్నా, నీకు రావాల్సింది నీకివ్వకుండా ఆడేశాం. తప్పయిపోయింది” అనెను. పేర్రాజు ఆ మాట విని, శనగలు తిన్నది తానేనని అందరియెదుట ఒప్పుకొనెను. నాకు తెలిసి వర్తకుడొకడు తప్పొప్పుకొనుట పురాణములలో కూడ తక్కువయే.

ఐదవది కడపటి ఆట. ఎదుట నున్నది గరుడులతో సమానముగా ఓడిన జట్టు. ఓడినవారు అడుగున పడి తొలగిపోవుదురు. నాడు మాణిక్యాంబ దగ్గరుండి నోము చేయించెను. తలుపులరావుతో మొదలిడి పండ్రెండుగురి చేతులు తిరిగెను. శనగలు మొదట అతని దోసిటనే పడెను.

ఆట నువ్వా నేనాయని సాగెను. గరుడులలో ఇరువురు ఐదేసి తప్పులు చేసి బయటికి పోయిరి. మరొకనికి మోకాలు బెణికెను. తక్కినవారందరును అప్పటికే ఆడి అలసియుండగా, జోగారావు గత్యంతరము లేక తలుపులరావును దింపెను. కడపటి పదిక్షణములకు లెక్క సమానముగా నుండెను. బంతి సుధన్వుని చేతికి వచ్చెను. ఎదుటివారు ఐదుగురును అతనిమీదికే ఉరికిరి. ఊరు ఊరంతయు లేచి, వేయుమని సుధన్వునే కోరెను.

సుధన్వుడు బుట్టవైపు చూడనేలేదు. ఐదుగురి నడుమనుండి వంగి, “ఇస్తినయ్యా వాయనం” అని, బుట్టక్రింద ఒంటరిగా నున్న తలుపులరావునకు బంతి ఇచ్చెను.

ఏడాది పొడవునా నేర్చిన పాఠము ఊరక పోవునా. తలుపులరావు బంతిని తిరిగి సుధన్వునకే ఇయ్యబోయి చేతులు చాపెను.  అప్పుడు సుధన్వుడు రెండు చేతులను వీపు వెనుకకు పెట్టుకొని కట్టుకొనెను. పుచ్చుకొనుటకు చేతులు లేవు. ఇచ్చినది ఇక తలుపులరావుదే.

తలుపులరావు కన్నులు మూసికొని వేసెను. బంతి బుట్ట అంచుచుట్టు మూడు ప్రదక్షిణములు చేసి లోపలికి దిగెను. గంట మ్రోగెను. ఊరు ఉప్పొంగి మీద పడుచుండగా, అతడు సుధన్వుని వైపు వ్రేలు చూపి, ఏడ్చుచు నవ్వుచు, “పుచ్చుకుంటినయ్యా వాయనం” అనెను.

గరుడులు నిలిచిరి. పేర్రాజు ఉద్యాపనగా ఊరిలోని పండ్రెండుగురు పిల్లలకు పండ్రెండు బంతులు వాయనమిచ్చెను. పట్టుబట్ట పరచిన ఆసనము సమోసాలమ్మువానికి పోయెను. నాటినుండి ఆ ఊరిలో ఎవడు బుట్టలో బంతి వేసినను, తనకిచ్చినవానికి వ్రేలు చూపినగాని గంతు వేయరాదు.

ఈ నోము జట్టులు పోషించువారు నోచిన అడుగునుండి పైకి వత్తురు. పెద్దకొలువులలోని అధికారులు నోచిన క్రిందివారి పేర్లు జ్ఞాపకముంచుకొందురు. ఒక్కని సంపాదనపై పదిమంది కూర్చుండిన ఇండ్లలో నోచిన, ఆ పదిమందికిని చేతులున్నవని తెలియును. ఒక్క కోడలే వండి ఒక్క కోడలే వడ్డించు ఇంటివారు తప్పక నోచవలెను. మా ఇంటివారు ఆ మాట రెండు మారులు వినుడు. మంత్రము మరచినను దోషము లేదు. మనిషిని మరచిన దోషమున్నది.

ఇక అక్షతలు. వీనిని మొదట మీ తలపై వేసికొనరాదు. అందరును లేచి, ఈ వరుసలో చిట్టచివర, వంటింటి గుమ్మము కడ, శనగల గిన్నె పట్టుకొని ఇంతసేపును నిలువబడియే కథ విన్న కోడలి తలపై వేయుడు. గిన్నె ఎవరైన అందుకొనుడు. ఆమె కూర్చుండి తినిన పిదప మనము తిందము.