నడినెత్తి కొలత

దీక్షితులు మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ పని చేసుకొచ్చేసరికి సగం మంది తాము అడిగిందేమిటో మరిచిపోతారు, మిగిలిన సగం మంది మళ్ళీ రారు. తెనాలిలో ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాక, ఆదివారం ఉదయాలు తమ వరండాలో పెద్దలకు ఉపనిషత్తులు చెబుతున్నారు. పక్కింటివాణ్ణి కాబట్టి నేనూ వెళ్ళి కూర్చుంటాను. భక్తితో అని చెప్పను. నేను పుట్టుకతోనే అనుమానపు పక్షిని. ఊరికే వేదాంతం చెప్పే మనిషి ఏదో ఒకరోజు ఏదో ఒకటి అడక్కపోతాడా అని ఆరేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నాను. ఇంతవరకూ ఏమీ అడగలేదు. అదీ నాకు అనుమానంగానే ఉంది.

ఆ వరండాకు వచ్చేవాళ్ళలో హైమవతి ఒకామె. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. తలకు నూలుగుడ్డ బిగించి కట్టుకుని, దాని మీద కొంగు కప్పుకుని వచ్చేది. మొదటి ఏడు, "తిరుపతి వెళ్ళొచ్చారా?" అని అడిగాను. మన వైపు ఆడమనిషి తలకు గుడ్డ కడితే ఎవరైనా అడిగే మొదటి మాట అదే కదా. "అవునండీ, తలనీలాలిచ్చాను" అంది. మరుసటేడూ అడిగాను, అదే జవాబు. నాలుగో ఏడు కూడా అవునంటే, ఈవిడకు ఇన్ని మొక్కులెందుకు, ఆ ఆఫీసులో ఏం చేసి ఉంటుంది అని అనుకున్నానే గాని ఇంకోలా ఆలోచించలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కిందటి ఆషాఢంలో ఒక ఆదివారం పాఠం అయిపోయి అందరూ లేచారు. హైమవతి లేవలేదు. ఆమె లేవలేదు కాబట్టి నేనూ లేవలేదు.

"మాస్టారూ, బాధపడేవాళ్ళ మధ్యకు బాధ లేని మనిషి, తనకూ ఉందని అబద్ధం చెప్పి వచ్చి కూర్చుంటే ఏం చెయ్యాలి? తెలిసీ ఊరుకోవడం మంచితనమా, చేతకానితనమా?" అని అడిగింది. మాస్టారు నా వైపు చూశారు. ఆమె కూడా చూసి, "ఈయన ఉన్నా ఫర్వాలేదు లెండి. నాలుగేళ్ళుగా నా చేత అబద్ధం చెప్పిస్తున్నది ఈయనే" అంది.

అలా తెలిసింది. మొక్కూ లేదు, ముడుపూ లేదు. ఆమెకు తల మీద ఒక జబ్బు. మామూలుగా జుట్టు రాలడం కాదు. వెంట్రుక మొదలే చచ్చిపోయి, ఆ చోట చర్మం మచ్చ కట్టి అరచేయిలా నున్నబడిపోతుంది. అక్కడ మళ్ళీ మొలవదు. మందులు వాడితే ఇంకా పాకకుండా ఆపుకోవచ్చు, అదీ వేళకు పట్టుకుంటే. నడినెత్తి మీద మొదలై ఆరేళ్ళయింది. ఇంట్లో భర్తకు కూడా ఇంతవరకు చూపించలేదట.

గుంటూరులో ఇలాంటి జబ్బే ఉన్న ఆడవాళ్ళు ఎనిమిది మంది, నెలకోసారి, రెండో శనివారం నాడు కలుసుకుంటారు. వాళ్ళలో మేరీ రత్నం అనే ఆవిడ కుట్టుపని నేర్పే స్కూలు నడుపుతుంది. ఆ స్కూలు మేడ మీద గదిలో చేరి, తలుపు గడియ పెట్టుకుని, గుడ్డలూ సవరాలూ తీసి కుట్టుమిషన్ల మీద పెడతారు. గాలికి జారని ముడి ఎలా వెయ్యాలి, పాపిటే లేనప్పుడు కుంకుమ ఎక్కడ పెట్టుకోవాలి, పేరంటంలో పూలదండ చేత్తో పట్టుకుని వెంటబడే ఇంటావిడను ఎలా తప్పించుకోవాలి, ఇవీ వాళ్ళ మాటలు. అక్కడ మాత్రం కడుపునిండా నవ్వుతారట. చివర ఒక పని ఉంటుంది. తన నడినెత్తి తనకు కనబడదు కాబట్టి జతలుగా కూర్చుని, దర్జీ టేపుతో ఒకరి మచ్చ ఒకరు కొలిచి చెబుతారు. హైమవతికి సుభాషిణి జత. ఇద్దరూ తెనాలివాళ్ళే, ఒకే పాసింజరు బండిలో వెళ్ళొస్తారు.

"రెండేళ్ళ కిందట ఒకావిడ నాకూ ఉందని వచ్చింది మాస్టారూ. మూడు నెలలు మాతో ఏడ్చింది. నాలుగో నెల సంచిలోంచి నూనె సీసాలు తీసి కొనమంది. ఆ తర్వాత, సెల్లుతో ఎప్పుడు తీసిందో, మా తలలు ఆ నూనె కరపత్రంలో అచ్చయ్యాయి. మొహాలు లేవు గాని నా జాకెట్టు నేను పోల్చుకోలేనా? ఆనాటి నుంచీ మేడ మీదకు సెల్లు తేకూడదని నియమం పెట్టుకున్నాం. ఇప్పుడు ఈ వసుంధర వచ్చింది. మూడు నెలలైంది. జడ నడుం దాటి ఉంది. సవరమేమో అనుకుందామంటే జడ విప్పదు, తల చూపించదు, సంచి ఒళ్ళోంచి దించదు. మేం ఏదన్నా చెబితే చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. ఇరవయ్యేళ్ళుగా నేను చేస్తున్న పని ఏమిటండీ? సంతకం పెట్టినవాడు వాడేనా కాదా అని చూడటమే కదా."

ఆమె చెప్పినదాంట్లో నాకు ఒక్క లోపమూ కనబడలేదు. వెళ్ళగొట్టండి అని నోటిదాకా వచ్చింది.

మాస్టారు, "నీదెంత ఉందిప్పుడు?" అని అడిగారు.

"నాలుగంగుళాలు. ఎనిమిది నెలలుగా అక్కడే ఆగింది. మాత్రలు కడుపులో పడటం లేదు, ఎలాగూ ఆగింది కదా అని అవీ మానేశాను."

"నువ్వు చూశావా?"

"నడినెత్తి ఎవరికి కనబడుతుందండీ? ఫొటో తీసుకుని చూసుకునే ధైర్యం నాకు లేదు. సుభాషిణి చూసి చెబుతుంది."

"ఈసారి టేపు ఆ కొత్తావిడకు ఇవ్వు" అన్నారు మాస్టారు.

"దొంగ చేతికి తాళాలివ్వమంటారా?" అంది హైమవతి. అప్పటికే ఆయన కండువా దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతనుందా? ఈ పెద్దమనిషి తనకు జవాబు తోచనప్పుడల్లా ఏదో ఒక పని చెప్పి గౌరవం దక్కించుకుంటున్నాడని ఆ రోజు గట్టిగా అనుకున్నాను. హైమవతి మాత్రం వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, నాతో అంది: "అర్థమైందండీ. కొలవడం తెలియకపోతే అందరి ముందూ దొరికిపోతుంది. మాస్టారి ఎత్తు అదే."

ఆ శనివారం జరిగినది ఆమె మర్నాడు ఉదయం అదే వరండాలో చెప్పింది. చెప్పినట్టే రాస్తున్నాను.

కొలతల వేళకు సుభాషిణి టేపు పట్టుకుని వచ్చింది. హైమవతి పీట మీద కూర్చుని, "ఇవాళ నాది వసుంధర గారు చూస్తారు" అంది. "కొత్త మనిషి, ఆవిడకేం తెలుస్తుంది హైమా" అంది సుభాషిణి. టేపు ఇవ్వలేదు. హైమవతి దాదాపు లాక్కునే వసుంధర చేతిలో పెట్టింది. మేరీ రత్నం లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి వీధిలోకి చూడసాగింది. ఇవన్నీ హైమవతి గమనించకపోలేదు. కానీ ఆమె అనుమానమంతా వసుంధర చేతుల మీదే ఉంది. ఒక మనిషిని పట్టుకోవాలని చూస్తున్నప్పుడు పక్కవాళ్ళు కనబడరు, అది నా అనుభవం కూడా.

వసుంధర సంచి మొదటిసారి కింద పెట్టింది. చేతులు కడుక్కొచ్చింది. దువ్వెన కొసతో అంచు చుట్టూ మెల్లగా పాయలు తీసింది. టేపు పెట్టి, "ముందు నుంచి వెనక్కి అయిదున్నర" అంది.

"సరిగ్గా చూడండి. నాలుగు."

ఆమె మళ్ళీ పెట్టి చూసింది. "అయిదున్నరేనండీ. ఎడమ చెవి వైపు అంచంతా ఎర్రగా ఉంది. వెంట్రుకల మొదట్లో పొట్టు కట్టింది. ఇక్కడ మంటగా ఉంటోందా?"

ఆమె వేలు పెట్టిన చోట రెండు నెలలుగా నీళ్ళు పోసుకున్నప్పుడల్లా కారం రాసినట్టు ఉంటోంది. హైమవతి అది ఎండ వేడి అనుకుంది. "అంచు ఎర్రబడితే పాకుతున్నట్టని మొదటిరోజు మీరే చెప్పారు కదండీ. రాసుకున్నాను" అంది వసుంధర.

హైమవతి సుభాషిణి వైపు తిరిగి, "అబద్ధం చెబుతోంది కదూ?" అని అడిగింది. సుభాషిణి పమిట కొస వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది. కిటికీ దగ్గర నుంచి మేరీ రత్నం అంది: "కిందటేడు అరంగుళం పెరిగిందని చెబితే నువ్వు మూడు నెలలు కనబడలేదమ్మా. మేం మీ ఇంటికొస్తే తలుపు తియ్యలేదు. ఏం చేసుకుంటావో అని భయపడి చచ్చాం. ఇక నాలుగే చెబుదామని అందరం అనుకున్నాం. నువ్వు ఈ మెట్లెక్కి వస్తే చాలనుకున్నాం."

"అందరికీ తెలుసా?" అని అడిగింది హైమవతి. ఒక్కరూ తలెత్తలేదు. ఏడుగురి తలలూ ఆమెకు ఎదురుగా వంగి ఉన్నాయి. ఒకటిన్నర అంగుళాలు. వెనక్కి రావు. మాత్రలు మింగి ఉంటే ఆగేవేమో. ఎనిమిది నెలలు తను నిశ్చింతగా ఉన్నది అందుకా అనుకుందట.

కోపం ఎవరి మీదకు పోవాలో తెలియక వసుంధర మీదకే పోయింది. ఆమె చేతిలోంచి టేపు లాక్కుంది. "వీళ్ళ సంగతి సరే, నీ సంగతేమిటి? నీకు ఉందా, లేదా?"

వసుంధర జడ విప్పింది. వంగి చూపించింది. ఒత్తుగా, నల్లగా, నడినెత్తి దాకా మొలిచిన జుట్టు. "లేదండీ. మా అక్కకుంది. ఏడాదిగా గదిలోంచి బయటకు రాదు. డాక్టరు పేరెత్తితే పళ్ళెం విసురుతుంది. ఎప్పటికైనా ఒక్కసారి నన్ను చూడనిస్తుందేమో, అప్పటికి నాకు చూడటం వచ్చి ఉండాలని వచ్చాను. నాకు లేదని చెబితే మీరు ఈ మెట్లు ఎక్కనిచ్చేవాళ్ళా?"

ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. అది అందరికీ తెలుసు. హైమవతి గుడ్డ చుట్టుకుని దిగి వచ్చేసింది. సుభాషిణీ ఆమే అదే పాసింజరులో, వేర్వేరు పెట్టెల్లో తెనాలి వచ్చారు. స్టేషన్లో దిగాక చూసుకుంటే టేపు తన గుప్పిట్లోనే ఉండిపోయింది.

ఆ టేపును సాక్ష్యంగా తెచ్చిన కాగితంలా మాస్టారి ముందు గచ్చు మీద పెట్టింది హైమవతి. కళ్ళు వాచి ఉన్నాయి. మంగళవారం డాక్టరు దగ్గరకు వెళుతున్నానని చెప్పింది. తర్వాత అంది: "నా అనుమానం నిజమే అయింది మాస్టారూ. ఆవిడ అబద్ధం చెప్పే వచ్చింది. కానీ నిజం చెప్పింది ఆవిడొక్కతే. నా వాళ్ళనుకున్నవాళ్ళు ఏడుగురూ నా నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడారు. ఇప్పుడు నేను ఎవరిని వెళ్ళగొట్టాలి?"

మాస్టారు ఇప్పుడైనా నాలుగు మంచి మాటలు చెబుతారనుకున్నాను. సత్యం గురించి ఒక శ్లోకమైనా చదువుతారనుకున్నాను. ఆయన టేపు తీసుకుని వేలికి చుట్టడం మొదలుపెట్టారు.

"జతలుగా కొలుచుకుంటారని చెప్పావు. సుభాషిణిది ఎవరు కొలుస్తారు?"

"నేనే."

"ఎంతని చెబుతున్నావు?"

"మూడని."

"ఎంతుంది?"

హైమవతి చెయ్యి తలగుడ్డ ముడి మీదకు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. వీధిలో కూరగాయల బండి వచ్చి, బేరాలు ముగించుకుని వెళ్ళిపోయింది. "ఆవిడ అసలే బెంగ మనిషండీ" అంది. అని, తను ఏం అందో తనకే వినబడినట్టు ఆగిపోయింది. నేను చూపు తిప్పేసుకున్నాను. ఊళ్ళో అందరినీ శంకించే నాకు ఆ ఒక్క శంక రాలేదు. ఆమెకూ రాలేదు.

మాస్టారు చుట్టిన టేపును ఆమె చేతిలో పెట్టారు. "రెండో శనివారం ఇంకా నాలుగు వారాలుందమ్మా" అన్నారు. "అంతదాకా ఆగకు."