సముద్రం ఎవరిది?

సముద్రం అవతలి దీవి నుంచి ముగ్గురు పిల్లలతో రేవుపట్నం చేరింది, తెరచాపలు కుట్టే లవంగి. అక్కడ ఇల్లు కొనాలంటే రేవు అధికారి భుజంగరాయలే దిక్కు. ఆయన ఒడ్డునున్న ఇల్లు చూపించి కిటికీలు బార్లా తెరిచాడు.

"ఇంటికి నూరు వరహాలు. కనిపించే సముద్రానికి మరో నూరు. అదీ నాదే!"

లవంగికి అనుమానం వచ్చింది. గోడలకు కొత్త సున్నం మోకాలెత్తు వరకే ఉంది. గోటితో గీకితే కింద గోడను కరుచుకున్న సముద్రపు గుల్లలు బయటపడ్డాయి.

"సముద్రం మీదేనని పత్రంలో రాయండయ్యా. నేను ఇల్లే కొంటాను."

"రాస్తాను, నాకేం?" అని రాయలు గంటం తీశాడు.

"ఒకరి గేదె ఇంకొకరి చేలో పడితే నష్టం ఎవరిస్తారు?"

"గేదె ఎవరిదో వాళ్లే."

"మరి పౌర్ణమి పోటుకి మీ సముద్రం నా ఇంట్లో జొరబడితే?"

గంటం ఆగిపోయింది. "సముద్రం నాదెందుకవుతుందమ్మా? రాజుగారిది!"

"అయితే రాజుగారి సొత్తు నాకు అమ్మజూపారన్నమాట."

ఈ మాట కోట దాకా పోతే తల దక్కదని, రాయలు ఆ పూటే గుట్ట మీది ఇల్లు నూరు వరహాలకే ఇస్తానన్నాడు. అక్కణ్ణుంచీ సముద్రం కనిపిస్తుంది.

లవంగి నాలుగు గోడలూ గీకి చూశాకే వరహాల సంచి ముడి విప్పింది.