సగంలో తగ్గించిన పాట

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. హాలు నిండా జనం పాటకు అడుగులు వేస్తున్నారనుకోండి. వాళ్ళని ఆడిస్తున్నది ఎవరు?

తొందరపడి చేతులెత్తకండి. మీలో సగం మంది పాట అంటారు, మిగతావాళ్ళు పాట పెట్టిన మనిషి అంటారు. కౌముది కూడా ఆ రెండో జవాబే చెప్పేది. అదీ బల్ల గుద్ది మరీ చెప్పేది.

కౌముదిది తెనాలి. ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో స్నేహితురాలు లాక్కెళితే మెట్టుగూడలో, మేడ మీద, చెక్క నేల ఉన్న ఒక పాత హాల్లో అడుగుపెట్టింది. అక్కడ బ్లూస్ ఆడతారు. అమెరికాలో నల్లజాతి వాళ్ళు తమ కష్టాన్నీ కోపాన్నీ సరసాన్నీ కలిపి పాడుకున్న పాటలవి. ఆ నాట్యంలో గెంతులుండవు. ఇద్దరు దగ్గరగా నిలబడి, ఒంటి బరువును ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ, పాట ఎటు వంగితే అటు వంగుతారు. అక్కడో మర్యాద ఉంది. ఒక పాటకు ఒక జోడీ. పాట అవగానే థాంక్స్ చెప్పుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళాలి.

ఆ హాల్లో ఒక మూల బల్ల ముందు కూర్చుని పాటలు పెట్టేది ఫ్లోరెన్స్ ఆంటీ. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ మనిషి. డెబ్బై దాటాయి. కుడి మోకాలు చెప్పిన మాట వినదు. ఎవరైనా డీజే అని పిలిస్తే నవ్వేది.

"డీజే అంటే బారాత్ ముందర లారీ మీద ఉంటడు గదా. నేను కుర్చీల కూర్చునే ముసల్దాన్ని."

కౌముది ఆమె దగ్గర శిష్యరికం చేసింది. వైర్లు చుట్టింది, స్పీకర్లు మోసింది. ఎక్కడెక్కడివో పాత రికార్డింగులు వెతికి పట్టుకొచ్చింది. ఆ వానాకాలం ఆంటీ అంది:

"ఈ మెట్లు ఇంక నా వల్ల కాదు బిడ్డా. ఈ బల్ల ఎవరికన్నా అప్పజెప్పాలె. వచ్చే ఆదివారం నువ్వు కూర్చో. చూస్తా."

ఆ బల్ల కౌముదికి కావాలి. తిండి సయించనంతగా కావాలి.

ఆదివారం వచ్చింది. కౌముది రెండు చెవులకూ హెడ్‌ఫోన్ బిగించి, కళ్ళు లాప్‌టాప్‌కి అప్పగించి కూర్చుంది. ఒక పాట నడుస్తుంటే తర్వాతి పాట వింటోంది. ఒకదాన్ని మించింది ఒకటి. అందులో ఒక పాటయితే, గిటారు వాయించేవాడు లోపలికి వెళ్ళి బయటికొచ్చే దారి మర్చిపోయినంత పొడుగు.

ఆ పాట మధ్యలో ఎందుకో తలెత్తింది. జనమంతా గోడ వెంబడి కుర్చీల్లో ఉన్నారు. నేల మీద రెండు మూడు జంటలు మిగిలాయి, అవీ మొహమాటానికి.

ప్రతి ఆదివారం ఆడటానికొచ్చే టైర్ల దుకాణం యాదగిరి చేతిలో సమోసా ప్లేటుతో బల్ల దగ్గరికొచ్చాడు.

"చెల్లె, నీ పాట మొదలైనంక కిందికి పోయిన. చాయ్ తాగిన. సమోసా కట్టించుకున్న. మెట్లెక్కి వచ్చిన. ఇంకా అదే పాట నడుస్తుంది."

"అది మామూలు పాట కాదన్నా. ఎంత వెతికితే దొరికిందో నీకేం తెలుసు?"

"కాదంటలేను. మస్తుంది. కూర్చొని వినేటందుకు మస్తుంది."

కౌముది ముఖం కందిపోయింది. హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి, పక్క కుర్చీలో ఉన్న ఆంటీ వైపు తిరిగింది.

"వీళ్ళకి చెవుల్లేవు ఆంటీ. ఇంత మంచి పాటలకి కదలరేం? ఆడించడానికి నేనింకేం చెయ్యాలి, చెప్పండి."

ఆంటీ చెయ్యి చాపింది.

"అది ఇటియ్యి."

కౌముది హెడ్‌ఫోన్ తీసిచ్చింది. ఆంటీ దాన్ని మెడలో వేసుకుంది. చెవులకు పెట్టుకోలేదు.

"పోయి ఆడు."

"ఇప్పుడా?"

"యాదగిరీ, ప్లేటు పక్కన పెట్టు. చేతులు తుడుచుకో."

పొడుగు పాట ఎట్టకేలకు ముగిసింది. ఆంటీ ఇంకో పాట పెట్టింది. అక్కడ అందరికీ తెలిసినదే, నెలకోసారైనా వినపడేదే. మొదటి స్వరానికే కౌముది నిట్టూర్చింది. ఇదా, అనుకుంది.

గోడ దగ్గర ఒక కుర్చీ చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కరే లేచి జోడీ కోసం చేతులు చాపుతున్నారు.

కౌముది మొదట కోపంగానే అడుగులు వేసింది. యాదగిరిది పెద్ద ఒళ్ళు. కానీ ఆయన కాలు మోపితే నేలకు నొప్పి తెలియదు. ఆయన తొందరపెట్టలేదు. బరువు అటు మారింది, ఇటు మారింది. కాసేపటికి ఆమె భుజాలు దిగాయి. కళ్ళు మూసుకుంది.

అప్పుడు వినిపించింది, ఆ హాల్లో తనెప్పుడూ వినని చప్పుడు. చెక్క మీద జోళ్ళ తోలు జారుతోంది. జారి, ఆగి, మళ్ళీ జారుతోంది. అటు గోడ నుంచి ఇటు గోడ దాకా అందరిదీ ఒకేసారి. హాలంతా ఒకే ఒళ్ళయి ఊపిరి తీస్తున్నట్టుంది.

ఈ పాటలో ఈ వాద్యం ఎక్కడిది, అనుకుని కళ్ళు తెరిచింది.

పాట లేదు.

ఎప్పుడు పోయిందో తెలియదు. ఆంటీ వేలు వాల్యూమ్ మీద ఉంది. కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పూర్తిగా దించేసింది. తెర మీద పాట చప్పుడు లేకుండా నడిచిపోతూనే ఉంది. నేల మీద ఒక్కరూ ఆగలేదు. ఒక్క జంటా చెయ్యి వదల్లేదు. పాడే గొంతు లేదు, గిటారు లేదు, ఆ పాదాలే ఉన్నాయి.

ఆంటీ తెర చూడటం లేదు. పొయ్యి మీది పాలను చూసినట్టు పాదాలను చూస్తోంది.

వేలు మెల్లగా పైకి జరిగింది. పాట తిరిగొచ్చింది. సరిగ్గా ఆ పాదాల కిందికే వచ్చింది. ఎవరూ అడుగు సర్దుకోవాల్సిన పని పడలేదు.

కౌముది అక్కడి నుంచే ఆంటీ వేలి వైపు చూసింది. కాళ్ళు మాత్రం వాటి పాటికి కదులుతూనే ఉన్నాయి.

"చూసినవా చెల్లె," అన్నాడు యాదగిరి, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

పాట అయిపోయింది. కౌముది బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఆంటీ మెడలోంచి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"పాట వాళ్ళ దగ్గరుంది బిడ్డా. నువ్వు అందుకోవాలె."

అని, బల్ల పట్టుకుని లేచింది. చెక్క నేల మీదికి నడిచింది. ఆమె అక్కడ ఆడటం చూసినవాళ్ళు ఆ హాల్లో ఎక్కువమంది లేరు.

"యాదగిరీ, ఈ పాట నాతోటి."

"మోకాలు, ఆంటీ..."

"దాని సంగతి అమ్మాయి చూసుకుంటది."

కౌముది బల్ల వెనక్కి వెళ్ళింది. ఎన్నాళ్ళుగానో పోగేసిన అపురూపమైన పాటలన్నీ తెర మీద వరసగా ఉన్నాయి. వాటి మీంచి చూపెత్తింది. ఆంటీ బరువంతా ఎడమ కాలి మీద వేసి ఎదురుచూస్తోంది. కుడి మడమ నేలకు ఆనీ ఆనకుండా ఉంది. కౌముది ఆ మడమనే చూసింది. చాలాసేపు చూసింది. ఎవరూ తొందరపెట్టలేదు.

హెడ్‌ఫోన్ ముట్టుకోకుండా ఒక పాట పెట్టింది.

ఆంటీ కుడి పాదం చెక్క మీద మెల్లగా జారింది.

నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉంచుకోండి, నాకొద్దు. ఒక్క పని మాత్రం చేయండి. ఈసారి మైకు మీ చేతికొచ్చి, హాలంతా మీ మాట మీదే నడుస్తోందని మీకు అనిపించినప్పుడు, తలెత్తి ఎదుటివాళ్ళ పాదాలు చూడండి. తర్వాత మీ గొంతు కొంచెం తగ్గించి, వినండి.