పున్నమ్మ దిగిన మగ్గం గుంట

అనగనగా, కోడి కూతకన్నా ముందే మగ్గాలు నిద్రలేచే ఒక ఊళ్ళో పున్నమ్మ అని ఒక కొత్త కోడలు ఉండేది బంగారూ. చెయ్యి చురుకు, కాలు చురుకు, ఓపిక మాత్రం ఆవగింజంత కూడా లేదు. అచ్చం నీలాగే అనుకో.

వాళ్ళది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి ఉంటుంది. నేసేవాళ్ళు గట్టు మీద కూర్చుని, గుంటలోకి కాళ్ళు దించి, కింద ఉన్న పలకలు తొక్కుతూ నేస్తారు. ఆ గుంటలో పగలు కూడా చీకటే.

అత్త అచ్చెమ్మ మొదటిరోజే చెప్పింది. "పొద్దున్నే కాళ్ళు కడుక్కో. దీపం పెట్టు. ఆ తర్వాత గట్టు మీద బాసింపట్టు వేసుకుని, ఊపిరి నెమ్మదించేదాకా ఊరికే కూర్చో. అప్పుడు 'నేనొచ్చానమ్మా' అని చెప్పి కాళ్ళు దించు."

"ఎవరికి చెప్పాలి అత్తయ్యా?"

"రాత్రి నేసే ఆవిడకి. లేచి వెళ్ళడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి కదమ్మా."

పున్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఇంతలో ఒక పెళ్ళిచీర నేయాల్సి వచ్చింది. ముహూర్తం దగ్గర పడింది. అప్పుడు పున్నమ్మ కాళ్ళు కడుక్కోవడం మానేసింది. వచ్చి చూస్తే, ఎవరో అప్పుడే నేయడం ఆపినట్టు పడుగు దారాలు ఇంకా ఊగుతున్నాయి. గాలేమో అనుకుంది.

మర్నాడు దీపం కూడా మానేసింది. తాను తొక్కకముందే కింద పలక కిర్రుమంది. ఎలుకేమో అనుకుంది.

ఆ మర్నాడు ఊరికే కూర్చోవడమూ మానేసింది. వస్తూనే గుంటలోకి కాళ్ళు దించేసింది. పాదాలు పలకల మీద పడలేదు బంగారూ. చల్లటి పాదాల మీద పడ్డాయి.

అరవబోతే గొంతు పెగల్లేదు. లేవబోతే కాళ్ళు కదల్లేదు. కింది పాదాలు తొక్కడం మొదలుపెట్టాయి. పడుగు మధ్య దారం మోసుకెళ్ళే నాడె తనంతట తానే అటూ ఇటూ పరిగెత్తింది. చూస్తుండగానే నాడెలో దారం అయిపోయింది. అయినా బట్ట పెరుగుతూనే ఉంది, నల్లగా. పున్నమ్మ తల వెనక తడుముకుంది. నడుము దాకా ఉండాల్సిన జడ భుజాల దాకే ఉంది. మగ్గం లాక్కుంటున్నది తన జుట్టునే. జుట్టు అయిపోయాక ఇంకేం లాగుతుందో అనుకునేసరికి పాపం పున్నమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు అచ్చెమ్మ వచ్చి చూసింది. పరిగెత్తలేదు. కాళ్ళు కడుక్కుంది. దీపం పెట్టింది. కోడలి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏడవకమ్మా. నువ్వు తొందరపడితే అదీ తొందరపడుతుంది. నాతోపాటు ఊపిరి తియ్యి," అంది.

జడ మెడ దాకా వచ్చేసింది. పున్నమ్మ కళ్ళు మూసుకుని, అత్త ఊపిరి వింటూ తన ఊపిరి అందులో కలిపింది. నాడె పరుగు తగ్గింది. ఆ తర్వాత ఆగింది. అప్పుడు గొంతు వచ్చింది.

"నేనొచ్చానమ్మా. ముందే చెప్పాల్సింది, ఏమనుకోకు."

కింది పాదాలు మెల్లగా పక్కకి జరిగాయి.

పున్నమ్మ ఆ నల్లబట్టను కోసి పొయ్యిలో వేయబోయింది. అచ్చెమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎన్నేళ్ళుగానో దారం లేకుండా నేస్తోంది తల్లీ. కట్టుకోవడానికి ఇప్పటికి ఒక బట్ట దొరికింది."

ఆ మాటకి పున్నమ్మకి జాలి వేసింది. బట్టను మడతపెట్టి గుంటలో ఉంచింది.

తెల్లారి కాళ్ళు కడుక్కుని, దీపం పెట్టి, కుదురుగా కూర్చుంది. గుంటలో బట్ట లేదు. "నేనొచ్చానమ్మా," అంది. గుంటలోకి వంగి, "సరిపోయిందా?" అని అడిగింది.

చీకట్లోంచి చిన్న గొంతు వినిపించింది. "కొంచెం పొట్టిదైంది అక్కా. ఇంకాస్త జుట్టు ఉందా?"

ఆ తర్వాత బతికినంతకాలం పున్నమ్మ ఒక్క పొద్దు కూడా తొందరపడలేదు.

కథేమో కంచికి, కాళ్ళేమో దుప్పట్లోకి.