సగం కట్టిన కొట్టు

తాళ్ళవాగు ఎండాకాలంలో కూడా పారుతున్న రోజుల్లో, చిలకలు విన్నదే తప్ప సొంతంగా ఒక్క ముక్కా కలపని రోజుల్లో జరిగిన సంగతి ఇది. వాగు ఒడ్డున ఈతచెట్ల తోపు, దాని వెనక అడవి. అడవి మొత్తానికి ఒకటే సంత, చిలకల సంత. దానికి పాకల్లేవు, గుంజల్లేవు. అమ్మకానికి ఏదైనా ఉంటే చిలకకు చెబితే చాలు, అది ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎగురుతూ కేకేసేది. కావలసినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు.

పక్షానికి మూడు కేకలు ఉచితం. అంతకు మించి కావాలంటే కొట్టు తీసుకోవాలి. కొట్టంటే చిలకల మద్దిచెట్టు మీద మన పేరున ఒక కొమ్మ, రోజంతా మన సరుకు గురించే అరిచే ఒక చిలక. వానాకాలం మొత్తానికి అద్దె సొరబుర్రెడు జొన్నలు, అదీ ముందుగానే.

ఈతతోపులో నారయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో తనను మించినవాడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకం తప్పు కూడా కాదు. ఆ ఏడాది సరదాకి మూడు గూళ్ళు ఎక్కువ అల్లి ఉచిత కేకలు వేయించాడు. ఒకటి పిచ్చుకల జంట తీసుకుంది, ఒకటి ఉడుత తీసుకుంది, మూడోది గింజలు దాచుకోవడానికి ఎలుక తీసుకుంది. వారం తిరక్కుండా మూడూ అమ్ముడుపోయేసరికి నారయ్య కాళ్ళు కొమ్మ మీద నిలవలేదు. పెళ్ళాం చుక్కమ్మను పట్టుకుని చెప్పిందే చెప్పాడు. వెంటనే మొదలుపెట్టి పక్షం దాటేసరికి ఇంకో నాలుగు అల్లేశాడు.

ఈ వార్త నక్క బసవలింగం చెవిన పడింది. చిలకల తరఫున కొట్లు కుదిర్చేది అతనే. మృగశిర కార్తె లోపల పది కొట్లు కుదిరిస్తే వచ్చిన జొన్నల్లో సగం అతనికి. పది కాకపోతే ఏమీ లేదు. అప్పటికి తొమ్మిదయ్యాయి, కార్తెకు తొమ్మిది రోజులే ఉన్నాయి. నక్కకు జొన్నలెందుకని అడుగుతారేమో. జొన్నలు చల్లిన చోటికి కౌజుపిట్టలు వస్తాయి మరి.

"తమ్ముడూ, మూడు కేకలకు మూడు గూళ్ళు పోయాయి. రోజంతా కేకలేయిస్తే అడవంతా నీ గూళ్ళలోనే కాపురం ఉంటుంది" అన్నాడు బసవలింగం, ఈతచెట్టు కింద తీరిగ్గా కూర్చుని.

నారయ్యకు ఆ లెక్క ఎంతో నచ్చింది. మద్దికొమ్మ మీద తన పేరు, తన చిలక, కింద బారులు తీరిన జనం, అంతా కళ్ళ ముందు కదిలింది. ఎగిరి గూట్లోకి వెళ్ళి జొన్నల సొరబుర్ర పట్టుకుని లాగాడు. చుక్కమ్మ కదల్లేదు. ఆమె నాలుగు గుడ్ల మీద కూర్చుని ఉంది. ఆ బుర్రలో ఉన్నది వానల్లో పిల్లల నోటికి అందించాల్సిన తిండి. అది పోతే వేరే లేదు.

ఒకసారి కొట్టు పెడితే ఇలాంటి బుర్రలు పది వస్తాయని నారయ్య వాదించాడు. రాకపోతే అని ఆమె అడిగింది. ఎందుకు రావని అతను అడిగాడు. ఇలా కాసేపు సాగాక చుక్కమ్మ ముక్కుతో గూటి గోడ మీద తట్టింది.

"ఈ గూడు పూర్తిగా కట్టేశాక నన్ను పిలిచావా, సగం కట్టి పిలిచావా?"

సగం కట్టే పిలిచాడు. గిజిగాళ్ళ పద్ధతి అది. మగవాడు గూడు సగమే అల్లుతాడు, బోర్లించిన బుట్టలాగా. ఆడది వచ్చి వేలాడి, లాగి, ఊగి చూస్తుంది. నచ్చితే మిగతా సగం అల్లాలి. నచ్చకపోతే పీకేసి మళ్ళీ మొదలుపెట్టాలి. చుక్కమ్మ కోసం అతను మూడు గూళ్ళు పీకేశాడు. సగం కష్టమే పోయింది కాబట్టి నాలుగోది కట్టే ఓపిక మిగిలింది. ఆ సంగతి గుర్తురాగానే నారయ్యకు మళ్ళీ హుషారొచ్చింది, ఈసారి వేరే రకం హుషారు. రివ్వున కిందికి దిగాడు.

"అన్నా, మాలో సగం చూపించనిదే బేరం కుదరదు. నీ ఖర్చు మీద ఏడు రోజులు కొట్టు నడిపించు. చుక్కమ్మకు నచ్చిందా, బుర్ర నీది. నచ్చలేదా, పీకేసుకోవాలి."

బసవలింగం చెవులు గోక్కున్నాడు. పదో కొట్టు ఇంకెక్కడా వెతికే వ్యవధి లేదు. అయినా కొట్టు రుచి చూసినవాడెవడూ వదల్లేదని అతనికి తెలుసు. సరేనన్నాడు. తన గోతిలో దాచుకున్న జొన్నలు తవ్వి చిలకలకు కట్టాడు. పక్క కొమ్మ మీద కూర్చున్న చిలక ఈ మాటలన్నీ వింది.

మర్నాడు పొద్దున్నుంచే అడవి మోగిపోయింది. నారయ్య గూళ్ళు వానకు తడవవనీ, గాలికి ఊగుతాయే తప్ప పడవనీ చిలక గొంతు చించుకుంది. మధ్యాహ్నానికి ఈతచెట్టు కింద తిరునాళ్ళే. పిచ్చుకలు, ఉడుతలు, ఎలుకలు, చివరికి తన డిప్ప తను మోసుకు తిరిగే తాబేలు కూడా ఊరికే చూసిపోదామని వచ్చింది. ఉన్న నాలుగు గూళ్ళూ ఆ పూటే పోయాయి. నారయ్య జీవితంలో అంత గొప్ప రోజు లేదు.

రెండో రోజు తెల్లవారకముందే అల్లిక మొదలుపెట్టాడు. ఎంత తొందరపడ్డా గూటికి నాలుగు రోజులు పడుతుంది. చిలక మాత్రం అరుస్తూనే ఉంది, జనం వస్తూనే ఉన్నారు. మూడో రోజుకు గడ్డి కోసుకుని ముక్కు మండిపోయింది. అయిదో రోజున అడవి అవతలి నుంచి వచ్చిన ఒక పిచ్చుక ఖాళీ కొమ్మ చూసి, గూళ్ళు లేనప్పుడు పిలవడం దేనికి నారయ్యా అని ముఖం మీదే అడిగి వెళ్ళిపోయింది. నారయ్యకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నాలుగు మంచి గూళ్ళతో వచ్చిన పేరు ఆ కేకలతోనే పోతోందని అర్థమైంది. తనకు తక్కువైంది కేకలు కాదు, ముక్కులు. ఉన్నది ఒకటే ముక్కు.

ఏడో రోజు బసవలింగం గోనెసంచి భుజాన వేసుకుని నవ్వుకుంటూ వచ్చాడు. చుక్కమ్మ గుడ్ల మీద నారయ్యను కూర్చోబెట్టి మద్దిచెట్టు దాకా వెళ్ళింది. కొట్టుకొమ్మకు తలకిందులుగా వేలాడింది. లాగింది. బాగా ఊగింది. తర్వాత తీరిగ్గా ఈకలు సర్దుకుంది.

"నచ్చలేదన్నా" అంది.

ఇది ఆటలాడే విషయం కాదన్నాడు బసవలింగం, అంత గిరాకీ తెచ్చాక నచ్చకపోవడమేమిటన్నాడు, అలాంటి ఒప్పందమే లేదన్నాడు. ఆ రోజు మాటలు విన్న చిలక కొమ్మ మీంచి వెంటనే అందుకుని, నచ్చలేదా పీకేసుకోవాలి అనీ, సరే అనీ, ఒకటి నారయ్య గొంతుతో, ఒకటి బసవలింగం గొంతుతో అప్పజెప్పింది. అడవంతా వింది. రెండు రోజుల్లో కార్తె వచ్చింది, పదో కొట్టు రాలేదు. గోతిలో జొన్నలు కూడా లేకపోవడంతో ఆ వానాకాలం కౌజుపిట్టలు హాయిగా పిల్లల్ని చేసుకున్నాయి.

సొరబుర్ర నారయ్య పిల్లల్ని సాకింది. నలుగురూ కొడుకులే, మరుసటి ఏటికి నలుగురూ అల్లిక నేర్చారు. మూడు ఉచిత కేకలు పక్షం మొదటి రోజే అయిపోయేవి. చెట్టు నిండా గూళ్ళు వేలాడుతుంటే, నారయ్య గూడు ఎక్కడ దొరుకుతుందని కేక అందని దూరం వాళ్ళు దారిలో అడిగి తెలుసుకుని వచ్చేవారు. ఈసారి సొరబుర్రను చుక్కమ్మే బయటికి దొర్లించింది.

నారయ్య దాన్ని చిలకల దగ్గరికి తీసుకెళ్తుంటే బసవలింగం ఎదురుపడ్డాడు. నేను నిరుడే చెప్పానుగా తమ్ముడూ అంటూ సంచి తెరిచాడు.

"నిరుడు కేకలు మిగిలాయి, గూళ్ళు అయిపోయాయి. ఇప్పుడు గూళ్ళు మిగిలాయి, కేకలు అయిపోయాయి. నువ్వు పక్కకు జరుగన్నా, నాకు దారి తెలుసు" అన్నాడు నారయ్య.

సరుకు నిండి కేకలు చాలనప్పుడే కొట్టు తీసుకోవాలి, కేకలమ్మేవాడు తొందరపెట్టినప్పుడు కాదు.